పార్కింగ్‌లో కారుకు దెబ్బ.. భారం ఎవరిది?

* ‘యజమానిదే బాధ్యత’ బోర్డు తుది మాట కాదు
* థర్డ్‌ పార్టీ పాలసీతో సొంత కారు మరమ్మతుకు పైసా రాదు

పెళ్లిళ్ల సీజన్‌ వచ్చిందంటే కల్యాణ మండపాల ఆవరణలు కార్లతో కిక్కిరిసిపోతాయి. ఆస్పత్రులు, సినిమా హాళ్లు, దుకాణ సముదాయాల వద్దా ఇదే పరిస్థితి. ఇరుకు స్థలంలో వెనక్కి తీస్తున్న కారు పక్క కారుకు తగలడం, తలుపు తీయగానే గీతలు పడటం నిత్యకృత్యం. ఆ వెంటనే వాగ్వాదం మొదలవుతుంది. రోడ్డు కాదు కనుక చట్టం వర్తించదని కొందరు, బీమా ఉంది కనుక అంతా కంపెనీయే చూసుకుంటుందని మరికొందరు భావిస్తుంటారు. రెండూ పొరపాటే.

తప్పు ఎవరిది?

మోటారు వాహనాల చట్టం-1988 ప్రకారం ప్రజలకు ప్రవేశ హక్కు ఉన్న ప్రదేశమంతా బహిరంగ స్థలమే. అది రహదారే కానవసరం లేదు. అపార్ట్‌మెంట్‌ సెల్లారు వంటి ప్రైవేటు చోట్ల మాత్రం బీమా సంస్థ అభ్యంతరం లేవనెత్తే అవకాశం ఉంది. ఎవరికీ ప్రమాదం లేదని నిర్ధారించుకున్నాకే వాహనాన్ని వెనక్కి నడపాలన్నది నిబంధన. నిలిపి ఉన్న కారును ఢీకొంటే సాధారణంగా నడుపుతున్న వ్యక్తి నిర్లక్ష్యంగానే పరిగణిస్తారు. రెండు కార్లూ ఒకేసారి వెనక్కి వస్తూ ఢీకొన్నా, దారికి అడ్డంగా నిలిపిన కారుకు దెబ్బ తగిలినా బాధ్యతను ఇరువురికీ పంచే వీలుంది.

బీమా ఎంతవరకు?

చట్టం తప్పనిసరి చేసింది థర్డ్‌ పార్టీ బీమాను మాత్రమే. ఎదుటివారి ప్రాణానికి, శరీరానికి, ఆస్తికి జరిగిన నష్టాన్నే అది భరిస్తుంది. ఆస్తి నష్టానికి ప్రైవేటు కార్ల పాలసీలో పరిమితి సాధారణంగా రూ.7.5 లక్షలు. ఈ పరిహారం కోసం మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రైబ్యునల్‌ను ఆశ్రయించాలి. చిన్న సొట్ట కోసం అంత దూరం వెళ్లేవారు అరుదు. అందుకే తప్పు ఎదుటివారిదైనా, అత్యధికులకు ఆధారమయ్యేది తమ సొంత సమగ్ర పాలసీయే. అది లేనివారు ఎదుటివారితో రాజీకి రావాలి, లేదా జేబులోంచి పెట్టుకోవాలి. మద్యం మత్తులో నడిపినా, లైసెన్సు లేకున్నా సమగ్ర పాలసీ ఉన్నా మరమ్మతు ఖర్చు దక్కదు.

క్లెయిమా.. సొంత ఖర్చా?

ప్రతి క్లెయిములోనూ 1500 సీసీ వరకు కార్లకు రూ.1,000, అంతకు మించితే రూ.2,000 యజమానే భరించాలి. ప్లాస్టిక్‌, రబ్బరు భాగాలకు తరుగుదల కింద సగం ధర కోత పడుతుంది. తరుగుదల మినహాయింపు లేని అదనపు కవరు తీసుకున్నవారికి ఈ కోత ఉండదు. ఉదాహరణకు రూ.6,000 విలువైన ప్లాస్టిక్‌ బంపరు మారిస్తే, కోతలు పోను చేతికొచ్చేది రూ.2,000. వరుసగా అయిదేళ్లు క్లెయిము చేయనివారికి సొంత నష్టం ప్రీమియంలో 50 శాతం రాయితీ లభిస్తుంది. ఒక్క క్లెయిముతో అది సున్నాకు పడిపోతుంది. ఆ ప్రీమియం రూ.8,000 అయితే పోగొట్టుకునేది రూ.4,000. లెక్క చూసుకున్నాకే దరఖాస్తు చేయడం మేలు.

తాళం చేతులు మారితే..

హోటల్‌ సిబ్బందికి తాళం అప్పగించిన కారు చోరీకి గురైన కేసులో సుప్రీంకోర్టు 2019 నవంబరులో కీలక తీర్పు ఇచ్చింది. తగిన జాగ్రత్త తీసుకున్నట్లు నిరూపించుకోవాల్సింది హోటలేనని, ‘యజమానిదే బాధ్యత’ అనే షరతు చాటున నిర్లక్ష్యాన్ని కప్పిపుచ్చుకోజాలదని స్పష్టం చేసింది. తాళం తన వద్దే ఉంచుకుని కారు నిలిపిన యజమానికి మాత్రం ఈ వాదన అంత బలంగా పనిచేయదు. కనుక తాళం ఇచ్చినప్పుడు రసీదు తప్పనిసరిగా తీసుకోవాలి.

వెంటనే ఏం చేయాలి?

* కార్లను కదిలించకముందే నంబరు ప్లేట్లు, దెబ్బతిన్న భాగాల ఫొటోలు తీయాలి.
* ఎదుటివారి పాలసీ వివరాలు, సాక్షుల ఫోన్‌ నంబర్లు రాసుకోవాలి.
* సీసీ కెమెరా దృశ్యాలను భద్రపరచాలని నిర్వాహకులను రాతపూర్వకంగా కోరాలి.
* సర్వేయరు పరిశీలించకముందే మరమ్మతు చేయించరాదు.

ఎవరైనా గాయపడితే రాజీ మాటలతో కాలయాపన తగదు. ముందుగా చికిత్స అందించి, 24 గంటల్లోగా పోలీసులకు తెలపడం చోదకుడి చట్టబద్ధ విధి. బీమా సంస్థకూ రాతపూర్వకంగా సమాచారమివ్వాలి. వెనక్కి తీసే కారు చాటున చిన్నారులు అద్దాల్లో కనిపించకపోవచ్చు. ఒక్కసారి దిగి చూస్తే ఏ పాలసీ పూడ్చలేని నష్టం తప్పుతుంది.