పొంతన చూచి కూర్చిన పెట్టె

భీమడోలు స్టేషనులో రైలు దిగువారిలో పెక్కుమంది ద్వారకా తిరుమల పోవు బస్సును వెదకికొనుచు రోడ్డు వైపు నడచువారే. ఆషాఢమాసమున ఒకనాటి సాయంకాలము ఆ యాత్రికుల నడుమనే ఏలూరు నుండి తిరిగివచ్చి, తిన్నగా మా యింటి అరుగు నెక్కిన యువకుని చేతిలో ఒక కంప్యూటరు దుకాణమువారి కొటేషను కాగితము మడతపెట్టియున్నది. అతడు నా పూర్వ శిష్యుడు. పెండ్లి ఫోటోలు, వీడియోలు తీసి ఆల్బములు కూర్చు స్టూడియో నడుపుచున్నాడు. ముహూర్తములు లేని మాసము గనుక తీరిక దొరకినది. శ్రావణము రాకమునుపే పాత సిస్టమును మార్చవలెనని అతని ఆతురత.

“మాస్టారండీ, అంతా కలిపి అరవై వేలంటున్నారు. ఇందులో ఏది తగ్గించమంటారు?” అని అడిగినాడు.

“తగ్గించడం తరవాత చూద్దాం గానీ, అబ్బాయీ, దీంతో నువ్వు చేసే పనేంటో ముందు అది చెప్పు” అంటిని.

కాగితమున మొదటి పంక్తియందు మిక్కిలి ఖరీదైన ప్రాసెసరును, చివరి పంక్తియందు రంగురంగుల దీపములతో వెలుగు అద్దాల క్యాబినెట్టును ఉన్నవి. నడుమ ర్యాము ఎనిమిది జి.బి. మాత్రమే, నిలువకు హార్డుడిస్కు, ఎస్.ఎం.పి.ఎస్. ఎదుట కంపెనీ పేరైనను లేదు. తలకు కిరీటమును, కాళ్ళకు పట్టీలును చేయించి, కడుపునకు గంజి పోయు సంసారము వంటిది ఆ యమరిక.

మన ప్రాంతమున ఆ పెట్టె నంతటిని ‘సీపీయూ’ అనుట వాడుక. నిజమునకు ఆ పేరు లోపల అగ్గిపెట్టె కంటె చిన్నదైన ప్రాసెసరుకే చెల్లును. అట్టి ప్రాసెసరును ఒకచోటను, ర్యామును మఱియొకచోటను కొని, తక్కినవానితో కలిపి మనమే బిగించుకొనగల సౌలభ్యము ఎట్లు కలిగినదో తెలిసికొనుట నిష్ప్రయోజనము కాదు. 1981 ఆగస్టులో ఐ.బి.ఎం. సంస్థ తన పర్సనల్ కంప్యూటరును విడుదల చేసినప్పుడు, కాలవ్యవధి చాలక, అందలి భాగములను పెక్కింటిని బయటి తయారీదారుల నుండియే కొని కూర్చినది. ప్రాసెసరు ఇంటెల్‌వారి 8088, కనీసపు ర్యాము 16 కె.బి. భాగములు బజారున దొరకునవే గనుక మఱుసటి సంవత్సరమే కాంపాక్ అను సంస్థ దానికి సరిజోడైన యంత్రమును ప్రకటించినది. 1995లో ఇంటెల్‌వారు ఏటీఎక్స్ అను కొలతలను నిర్ణయించిన పిదప, బోర్డున మరలు బిగించు రంధ్రములు మొదలు కరెంటు తీగల కొనల వఱకు ఒక పద్ధతికి వచ్చినవి. ఒకరు చేసిన బోర్డు వేఱొకరు చేసిన పెట్టెలో ఒదుగుట ఆ యొడంబడిక ఫలమే.

కంప్యూటరు మన జిల్లాలకు పూర్తిగా పరాయి వస్తువనియు తలపరాదు. భీమవరము చేరువనున్న మోగల్లులో 1914లో జన్మించిన డాక్టరు ఏ.ఎస్. రావు, 1967లో హైదరాబాదున నెలకొన్న ఇ.సి.ఐ.ఎల్. సంస్థకు సారథ్యము వహించినారు; ట్రాంబేలో రూపుదాల్చిన టి.డి.సి.-12 అను డిజిటల్ కంప్యూటరును ఆ సంస్థయే 1969లో వెలువరించినది. అప్పుడది పరిశోధనాలయముల సొత్తు. 1984 నాటి కంప్యూటరు విధానమును, 1997లో భారతదేశము చేరిన అంతర్జాతీయ ఒప్పందమును దిగుమతి సుంకములను క్రమముగా సడలింపగా, సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి అంగళ్ళు వెలసి, ‘అసెంబుల్డ్ సిస్టము’ అను మాట మన పల్లెలకును పాకినది.

కొనుగోలునకు మొదటి మెట్టు బజారు కాదు, పని. దరఖాస్తులు నింపి హాల్‌టికెట్లు ముద్రించి యిచ్చు నెట్ సెంటరుకును, చేపల చెరువు లెక్కలు వ్రాయు గుమాస్తాకును, ‘అను’ ఫాంట్లతో శుభలేఖలు కూర్చు డి.టి.పి. దుకాణమునకును సామాన్యమైన ప్రాసెసరు, ఎనిమిది లేక పదునాఱు జి.బి. ర్యాము చాలును. తాడేపల్లిగూడెము ఎన్.ఐ.టి.లో చదువు విద్యార్థికి ప్రోగ్రాములతో పాటు ఆటల మీదను మనసు పోవచ్చును గనుక అతని లెక్క వేఱు. మా శిష్యునిది ఇంకొక లెక్క: వేలకొలది ఫోటోలను ఒక్కసారి తెఱచి, గంటలకొలది వీడియోను కత్తిరించి, రంగులు దిద్ది, పెండ్లివారు అడిగిన నాటికి అందింపవలెను.

రెండవ మెట్టు పొంతన. వధూవరుల జాతకములు చూచినట్లే ప్రాసెసరునకును మదర్‌బోర్డునకును ముందుగా సాకెట్టు పొంతన చూడవలెను. 2016లో వచ్చిన ఏ.ఎం.4 సాకెట్టులో ఒదుగు ప్రాసెసరు, 2022 నాటి ఏ.ఎం.5 బోర్డుపై కూర్చుండదు. ఇంటెల్‌వారి 2021 నాటి ఎల్.జి.ఏ. 1700 సాకెట్టు ఈ రెంటికిని భిన్నము. డి.డి.ఆర్.4 ర్యాము గాడియు డి.డి.ఆర్.5 గాడియు ఒకచోట నుండవు. బలవంతముగా నొక్కినచో విఱుగునే గాని దిగదు. ఇంటెల్ ప్రాసెసరు పేరు చివర ‘ఎఫ్’ అను అక్షరమున్నచో అందు బొమ్మను చూపు ఏర్పాటు లేదని యర్థము. నాలుగు డబ్బులు తక్కువని దానిని కొని, గ్రాఫిక్స్ కార్డు కొనకున్నచో, యంత్రము తిరుగుచునే యుండును గాని మానిటరు నల్లగానే యుండును.

మూడవ మెట్టు ప్రవాహము. డెల్టా రైతుకు దీనిని వేఱుగా బోధింపనక్కఱలేదు. విజ్జేశ్వరము వద్ద ప్రధాన కాలువలోనికి గోదావరి ఎంత నిండుగా దిగినను, శివారు చేనికి అందునది తన బోదె మోయగలిగినంత నీరే. కంప్యూటరునందు ప్రాసెసరు ఆ శివారు చేను వంటిది. నిలువ నుండి ర్యామునకును, ర్యాము నుండి ప్రాసెసరునకును సమాచారము పాఱు దారులలో ఏది సన్ననిదో, యంత్రము వేగము దానిదే. హార్డుడిస్కులో పళ్ళెము నిమిషమునకు 7,200 మార్లు తిరుగుచున్నను, కోరిన సమాచారము సూది క్రిందికి వచ్చువఱకు ప్రాసెసరు చేతులు కట్టుకొని నిలువవలసినదే. ఎస్.ఎస్.డి.లో తిరుగు పళ్ళెమే లేదు. హార్డుడిస్కు సెకనునకు సుమారు 150 ఎం.బి. చదువగా, సాటా తరహా ఎస్.ఎస్.డి. 500కు పైబడియు, ఎన్.వి.ఎం.ఇ. తరహాది 3,000కు పైబడియు చదువగలదు. కావున సిస్టము నడచుటకు ఎస్.ఎస్.డి.ని ఉంచి, పాత పెండ్లిళ్ళ వీడియోలు దాచుటకు మాత్రమే హార్డుడిస్కును వాడుట లాభము.

ర్యాము విషయమున ఇంకొక కిటుకు కలదు. పదునాఱు జి.బి. ఒకే పలకగా కాక, ఎనిమిదేసి జి.బి. పలకలు రెండుగా అమర్చినచో, రాకపోకలకు జంట దారు లేర్పడును. గ్రాఫిక్స్ కార్డు లేక ప్రాసెసరే బొమ్మను చూపు సిస్టములలో ఈ భేదము స్పష్టముగా తెలియును. 2025 చివరి నెలల నుండి కృత్రిమ మేధ కొఱకు వెలయుచున్న భారీ కేంద్రములు మెమరీ చిప్పులను విరివిగా కొనుచుండుటచే ర్యాము ధర పెరిగినది గనుక, ఈ పంక్తి వద్ద నేటి ధర కనుగొననిదే లెక్క ముగింపరాదు.

ఇక అందఱును అలక్ష్యము చేయునది ఎస్.ఎం.పి.ఎస్. గోడ నుండి వచ్చు 230 వోల్టుల కరెంటును లోపలి భాగములు భరింపగల కొలది వోల్టులకు తగ్గించి పంచునది అదియే. నా మొదటి సిస్టమునకు క్యాబినెట్టుతో ఉచితముగా వచ్చిన దానినే వాడితిని. ఒక వేసవి రాత్రి గాలివానకు కరెంటు పోయి వచ్చినప్పుడు ‘టప్’ మని శబ్దమై, అది తాను పోవుటయే కాక మదర్‌బోర్డును, హార్డుడిస్కును కూడ వెంటబెట్టుకొనిపోయినది. వానితో పాటు నేను మూడేండ్లు వ్రాసికొన్న వ్యాసములును పోయినవి. ఉచితముగా వచ్చిన వస్తువునకు నేను చెల్లించిన వెల అది. 2004లో మొదలైన ‘80 ప్లస్’ అను గుర్తు గల ఎస్.ఎం.పి.ఎస్., తీసికొన్న కరెంటులో నూటికి ఎనుబది పాళ్ళకు తగ్గకుండ లోపలికి అందించును. మిగిలినదే వేడిగా పోవును. గ్రాఫిక్స్ కార్డు లేని సిస్టమునకు పేరున్న కంపెనీవారి 450 వాట్లది ధారాళముగా చాలును. దానికి తోడు 600 వి.ఏ. యు.పి.యస్. ఒకటి ఉన్నచో, కరెంటు పోయినప్పుడు చేయుచున్న పనిని భద్రపఱచి యంత్రమును ఆపుటకు వ్యవధి దొరకును.

వేడి మాట వచ్చినది గనుక క్యాబినెట్టు సంగతి. కొల్లేటిలోనికి బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏఱులు నీరు తెచ్చుచుండగా, సముద్రమునకు కొనిపోవునది ఉప్పుటేరు ఒక్కటే. అది పూడినచో లంక గ్రామములు మునుగును. పెట్టె లోపల ప్రతి భాగమును వేడిని పుట్టించునదే. అది వెలుపలికి పోవు దారి చాలనిచో ప్రాసెసరు తన్ను తాను కాపాడుకొనుటకు వేగము తగ్గించుకొనును. అప్పుడు పెద్ద ప్రాసెసరు కొన్న డబ్బు వేడిలో కలసినట్లే. ముందు భాగమున నిండు అద్దమున్న పెట్టె కంటె, జాలీ గలిగి ముందొకటి వెనుకొకటి ఫ్యానులున్న సాదా పెట్టె మేలు. రోడ్డు దుమ్ము, మిల్లుల ఊక ఎగురు మన యూళ్ళలో నెలకొకసారి ఆ జాలీని దులుపుట కూడ ఖర్చులేని మరమ్మతే.

డబ్బు పంపకమునకు నే ననుసరించు లెక్క యిది. మానిటరు, కీబోర్డు, యు.పి.యస్. వేఱుగా నుంచి, పెట్టె లోపలికి పోవు ప్రతి నూఱు రూపాయలలో ప్రాసెసరునకు 30, మదర్‌బోర్డునకు 22, ర్యామునకు 18, ఎస్.ఎస్.డి.కి 13, ఎస్.ఎం.పి.ఎస్.కు 10, క్యాబినెట్టునకు 7. గ్రాఫిక్స్ కార్డు తప్పనిసరియైన పనికి మొత్తములో మూడవవంతు దానికి విడిచి, తక్కినవానిని ఆ మేరకు కుదింపవలెను. కంప్యూటరు భాగములపై జి.ఎస్.టి. నూటికి 18, బిల్లు లేకుండ ఆ పదునెనిమిదిని మిగిల్చెదమను వారున్నారు, కాని ఆ మిగులుతో పాటు వారంటీయును పోవును. అసెంబుల్డ్ సిస్టములో ఒక్కొక్క భాగమునకు ఒక్కొక్క వారంటీ గనుక బిల్లులును, అట్టపెట్టెలును భద్రముగా దాచవలెను. పాత ప్రాసెసరు కొనువారు ఇంకొకటి చూడవలెను: విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది, విండోస్ 11 అన్ని పాత ప్రాసెసర్లను అంగీకరింపదు. లినక్సు నేర్చుకొనువారికి ఆ బాధయు లేదు, ఖర్చును లేదు.

ఇంతయు చెప్పి కాగితము నతని చేతికిచ్చితిని. మూడు దినముల పిదప క్రొత్త కొటేషనుతో వచ్చినాడు. అద్దాల పెట్టె పోయి జాలీ పెట్టె వచ్చినది. ప్రాసెసరు ఒక మెట్టు దిగినది. హార్డుడిస్కు స్థానమున ఎస్.ఎస్.డి., దానికి తోడుగా పాత సిస్టములోని హార్డుడిస్కే, ర్యాము పలకలు రెండు, ఎస్.ఎం.పి.ఎస్. ఎదుట కంపెనీ పేరు, వాట్లు, గుర్తు అన్నియు ఉన్నవి. మొత్తము అరవై వేలకు లోపే. అయినను మదర్‌బోర్డు మాత్రము మునుపటి కంటె కొంచెము ఖరీదైనది.

“ఇది పెరిగిందేం?” అని అడిగితిని.

“ర్యాముకి నాలుగు గదులున్నాయండి. ఇప్పుడు రెండే వేస్తున్నా. మాఘమాసం ముహూర్తాలయ్యాక ఇంకో రెండు వేసుకుందామని.”

నే నేమియు అనలేదు. మా అరుగు నుండి చూచినచో ఎదుటి యింటి శ్లాబు కనబడును. మీది అంతస్తునకు ఇప్పుడు డబ్బు చాలక, చాలిననాడు కట్టుకొందమని ఆ యింటివారు స్తంభముల పైన ఇనుప ఊచలను విడిచియుంచినారు. కాగితమును మడచి అతని జేబులో నుంచి, “వెళ్ళి కొనుక్కో” అంటిని.