విలేకరి చదువుకు సాయం ఉంది... సీటు చూసి చేరాలి

ఏలూరు: కొల్లేరు లంకల్లో పేపరు చదివేవారికి కొదవ లేదు. పేపరుకు రాసే చదువు చదివినవారే అరుదు. 1999లో సరస్సును ఐదో కాంటూరు వరకు అభయారణ్యంగా ప్రకటించినప్పుడు, 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేసినప్పుడు, 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు లంకల దారులు మునిగినప్పుడు కొల్లేరు పేరు రాష్ట్రమంతా మారుమోగింది. ఉప్పుటేరు పూడితే నీరు ఎవరి వాకిట్లోకి వస్తుందో పుట్టినప్పటినుంచీ చూసిన పిల్లలు ఆ వార్తలు రాస్తే ఆ తీరే వేరు. ఆ చదువుకు పంపే స్తోమత మాకెక్కడిదని తల్లిదండ్రులు ముందే చేతులెత్తేయనక్కర లేదు. ఉపకార వేతనాలు ఉన్నాయి. అయితే ఏ సీటులో చేరారన్న దానిమీదే సాయం ఆధారపడి ఉంటుంది.

ఊరు దాటక తప్పదు

డిగ్రీ వరకు దగ్గర్లోనే చదువుకోవచ్చు. ఏలూరులో 1945లో వెలసిన సర్ సి.ఆర్.రెడ్డి కళాశాల ఉంది. తాడేపల్లిగూడెంలో ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఉంది. ఆపైన జర్నలిజం పీజీకి గుంటూరు దారిలోని ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయానికో, విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికో వెళ్లాలి. 2021 నుంచి పీజీ సీట్లకు రాష్ట్రమంతటికీ ఒకే ప్రవేశ పరీక్ష జరుగుతోంది.

పూర్వం విలేకరి పనిని పత్రికాఫీసులోనే నేర్చుకునేవారు. 1954లో ఉస్మానియాలో జర్నలిజం శాఖ ఏర్పడ్డాక అది విశ్వవిద్యాలయం చదువుగా మారింది. చదువు అయ్యాక ఫీజు, బస, భోజనం ఖర్చులూ దాని వెంటే వచ్చాయి.

ఫీజు సంగతి

షెడ్యూల్డు కులాల విద్యార్థులకు పదో తరగతి తరువాత చదువుకు కేంద్రం ఇచ్చే ఉపకార వేతనం 1944 నాటిది. కుటుంబ ఆదాయం ఏటా రెండున్నర లక్షల రూపాయలు మించరాదు. వెనుకబడిన తరగతుల వారికి, ఇతర పేదలకు 2008లో రాష్ట్రంలో ఫీజు రీయింబర్స్‌మెంటు మొదలైంది. లంకల్లోని మత్స్యకార కుటుంబాల పిల్లలు పెద్ద చదువులకు వెళ్లేందుకు అది దారి చూపింది.

పీజీ దగ్గరకు వచ్చేసరికి ఒక మెలిక పడింది. 2020 డిసెంబరులో వెలువడిన 77వ నంబరు ఉత్తర్వుతో ప్రైవేటు కళాశాలల పీజీ విద్యార్థులకు ఈ సాయం ఆగిపోయింది. విశ్వవిద్యాలయ, ప్రభుత్వ కళాశాలల వారికి మాత్రం మిగిలింది. కాబట్టి ప్రైవేటు సీటుకు డబ్బు కట్టేముందే, ఈ ఏడాది నిబంధన ఏమిటో జిల్లా సంక్షేమ శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి. 2022 విభజనతో తాడేపల్లిగూడెం వారికి భీమవరం జిల్లా కేంద్రమైంది. ఏలూరు వారికి ఏలూరే.

భోజనం ఖర్చు

ఫీజు తీరినా భోజనం ఖర్చు ఉంటుంది. 2021 నాటి కేంద్ర మార్గదర్శకాల్లో మాస్ కమ్యూనికేషన్‌ను ఫార్మసీ, నర్సింగులతో పాటు రెండో తరగతిలో చేర్చారు. దాని ప్రకారం హాస్టలులో ఉండే ఎస్సీ విద్యార్థికి ఏడాదికి 9,500 రూపాయలు, ఇంటినుంచి వెళ్లి చదివేవారికి 6,500 రూపాయలు. 9,500ను పన్నెండు నెలలకు పంచితే నెలకు 800 కూడా రావు. అందుకే విశ్వవిద్యాలయం హాస్టలులో చోటు దొరకడం సీటు దొరికినంత ముఖ్యం. బయట గది తీసుకుంటే ఈ సొమ్ము ఏ మూలకూ చాలదు.

కాగితాలు ముందే

కుల, ఆదాయ ధ్రువపత్రాలు, మార్కుల జాబితాలు, టీసీ, ఆధార్‌తో ముడిపడిన బ్యాంకు ఖాతా సిద్ధంగా ఉండాలి. ఖాతా విద్యార్థి పేరుతోనే ఉండాలి. కాగితాల్లో పేరు ఒక్కొక్కచోట ఒక్కో రకంగా ఉంటే ముందే సరిచేయించుకోవాలి. హాజరు 75 శాతానికి తగ్గరాదు. దరఖాస్తు ఒకసారి పెట్టి ఊరుకుంటే చాలదు, ఏటా కొనసాగింపు చేయించుకోవాలి.

నేర్పుతూ భృతి

పీజీ చదివే వీలులేని వారికి మరో దారి ఉంది. కొన్ని పత్రికా సంస్థలు సొంత బడులు నడుపుతూ, శిక్షణ కాలంలో నెలనెలా భృతి ఇస్తున్నాయి. ఈనాడు జర్నలిజం స్కూలు వీటిలో పాతది. భాషావేత్త బూదరాజు రాధాకృష్ణ అక్కడ ప్రిన్సిపాలుగా పనిచేశారు. పరీక్షలో తెలుగు పరిజ్ఞానం, ఆంగ్లంనుంచి అనువాదం, వర్తమాన విషయాలు చూస్తారు. పల్లెటూరి తెలుగు మాధ్యమం విద్యార్థికి ఇది కలిసివచ్చే పరీక్ష. అయితే శిక్షణ తరువాత కొంతకాలం అక్కడే పనిచేస్తామన్న ఒప్పందం ఉంటుంది. సంతకం పెట్టేముందు పూర్తిగా చదువుకోవాలి.

ఇంగ్లీషులో రాయగలవారు చెన్నైలోని ఏషియన్ కాలేజ్ ఆఫ్ జర్నలిజానికి ప్రయత్నించవచ్చు. అక్కడ ఫీజు ఎక్కువే అయినా దళిత, ఆదివాసీ విద్యార్థులకు ప్రత్యేక ఉపకార వేతనాలు ఉన్నాయి.

చెప్పేవారు కావాలి

డిగ్రీ చివరి ఏడాదిలోనే ఈ వివరాలు పిల్లల చెవిన పడాలి. ఫలితాలు వచ్చాక పరుగులు పెడితే ధ్రువపత్రాలు చేతికి వచ్చేలోపు గడువు దాటిపోతుంది. ఏలూరు, తాడేపల్లిగూడెం కళాశాలల అధ్యాపకులు, సంక్షేమ శాఖ అధికారులు ప్రవేశ పరీక్షకు ముందే ఒక పూట విద్యార్థులను కూర్చోబెట్టి చెప్పవలసి ఉంది. ప్రభుత్వం కూడా ఉపకార వేతనాన్ని నేటి ధరలకు తగినట్లు పెంచవలసి ఉంది. అప్పుడే కొల్లేరు కబురు కొల్లేటి బిడ్డలే రాయగలుగుతారు.