చక్రాల మీద పుట్టింటికి

ఈ మధ్య మా వీధిలో ఎవరు ఎదురుపడ్డా ఒకటే పలకరింపు. "ఏం బావా, కొత్త ఇల్లు కట్టినవంట, దానికి నాలుగు చక్రాలున్నయంట!" అని. నవ్వి ఊరుకుంటాను. మా తాతగారు సిరిసిల్ల వైపు నుంచి మగ్గం సామాను, పిల్లలు, పొయ్యి, అన్నీ ఒకే ఎడ్లబండిలో వేసుకుని షోలాపూరు వచ్చారట. దారిలో ఆ బండి కిందే వండుకున్నారు, బండిలోనే పడుకున్నారు. చక్రాల మీద సంసారం మా ఇంటికి కొత్తేమీ కాదు. తాతగారు బతుకుదెరువుకు ఇటు వచ్చారు. నేను మా శ్రీమతిని ఆమె పుట్టింటికి తీసుకుపోవడానికి అటు బయలుదేరాను. తేడా అంతే.

నేను టవళ్ల కార్ఖానాలో 34 ఏళ్లు జాబరుగా పనిచేసి రిటైరయ్యాను. 2021లో మా ఆవిడ మూత్రపిండాలు పనిచేయడం మానేశాయి. డాక్టర్లు ఇంటి దగ్గర చేసుకునే పెరిటోనియల్ డయాలిసిస్ మొదలుపెట్టించారు. కడుపులోకి ఒక సన్నని గొట్టం అమర్చుతారు. దాని ద్వారా రెండు లీటర్ల మందు ద్రవం లోపలికి వెళుతుంది. కొన్ని గంటల తర్వాత ఆ ద్రవాన్ని బయటికి తీసి, కొత్త సంచి ఎక్కించాలి. మా ఆవిడకు రోజుకు నాలుగుసార్లు. ఒక్కోసారి అరగంట పైన పడుతుంది. ఆ అరగంటా గది శుభ్రంగా ఉండాలి, తలుపులు, కిటికీలు మూయాలి, ఫ్యాను ఆపాలి, మూతికి మాస్కు కట్టుకోవాలి, చేతులు సబ్బుతో బాగా కడుక్కోవాలి. కాస్త అజాగ్రత్తగా ఉంటే కడుపులో ఇన్ఫెక్షను వస్తుంది. అది ప్రాణం మీదికి తెచ్చే విషయం.

ఆమె పుట్టిల్లు సిరిసిల్ల. ఇంట్లోనే పవర్లూములు. ఊపిరి పీల్చినా నూలు దుమ్మే. 86 ఏళ్ల మా అత్తగారు మంచం దిగి నాలుగడుగులు వేయడమే కష్టం, షోలాపూరు రాలేరు. మూడేళ్లు తల్లీకూతుళ్లు ఫోనులోనే చూసుకున్నారు. మూడు బతుకమ్మలు అలాగే గడిచాయి. లాడ్జిలో దిగుదామంటే ఆ దుప్పట్లు, ఆ ఫ్యాన్లు చూసి ఆమెకు ధైర్యం చాలలేదు. అయినా సుమారు 400 కిలోమీటర్ల దారిలో మధ్యాహ్నం సంచి ఎక్కడ మార్చుకోవాలి?

అప్పుడు పూణెలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి అన్నాడు: "గది దగ్గరికి అమ్మ పోలేకపోతే, గదినే అమ్మతో తీసుకుపోదాం నాన్నా."

ముందు మనిషిని కొలవండి

సరే, అసలు సంగతికి వస్తాను. క్యాంపర్ వ్యాను అనగానే నేను కాగితం తీసి ఉత్సాహంగా బొమ్మ గీశాను. మడిచే మంచం, టీవీ, వంటగట్టు, చక్కటి పరదాలు. మా ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని అంతా చూసింది. "అన్నీ బాగనే ఉన్నయి. నా జాగ యాడున్నదో చూపియ్యుండ్రి. నా సంచి యాడ తలిగేస్తరు?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ కాగితం చించేశాను.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఆ ఒక్క మాటే. బండిని చూసి కొనకండి. అందులో ఉండబోయే మనిషికి ఏది లేకపోతే గడవదో అది మొదట కొలిచి, దాని చుట్టూ బండిని వెతకండి. మాకు డయాలిసిస్. ఇంకొకరికి మోకాళ్లు, మరొకరికి చంటిబిడ్డ. మిగతావన్నీ దాని తర్వాతే.

మా కొలతలు ఇలా తేలాయి. సంచి ఆమె కూర్చున్నప్పుడు భుజం కన్నా బాగా ఎత్తులో వేలాడాలి, వాడిన ద్రవం పట్టే ఖాళీ సంచి నేల మీద ఉండాలి. అంతా భూమ్యాకర్షణ మీద నడిచే పనే. పక్కన నిలబడి నేను సాయం చేయాలి. అంటే లోపల మనిషి నిలబడగలిగే ఎత్తు తప్పనిసరి. మారుతి ఎకో లాంటి చిన్న వ్యాను ఇద్దరు పక్క వేసుకోవడానికి చాలుతుంది. ధర తక్కువ, ఏ సందులోనైనా తిరుగుతుంది. కాని అందులో నిలబడలేం. బస్సంత బండి కొంటే సిరిసిల్లలో మా అత్తగారి వీధిలోకే పోదు. అందుకని ఎత్తు కప్పు ఉన్న ఫోర్స్ ట్రావెలర్ ఎంచుకున్నాం. 1987లో టెంపో ట్రావెలర్‌గా వచ్చిన బండే ఇది. మన వైపు చిన్న ఊళ్లలో కూడా దీన్ని విప్పి బిగించగల మెకానిక్కులు ఉన్నారు. దారిలో ఆగిపోతే నాకు కావలసింది అందమైన బండి కాదు, మెకానిక్కు దొరికే బండి.

కాగితాలు చూసుకోండి

మొదట కలిసిన ఒక పనివాడు "సీట్లు పీకేసి మంచం పెట్టేద్దాం, కాగితాల సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు. ఆయనకు దండం పెట్టి వచ్చేశాం. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు ఇచ్చిన అసలు నిర్దేశాలకు భిన్నంగా బండిని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. ఇలాంటి బండ్లకు ఏ.ఐ.ఎస్. 124 అనే ప్రమాణం వేరుగా ఉంది. కాబట్టి అనుమతి ఉన్న బాడీ బిల్డరు దగ్గరే పని చేయించి, క్యాంపర్ వ్యానుగానే రిజిస్టరు చేయించుకోవాలి. ఇన్సూరెన్సులో కూడా అదే రాయించాలి. లేకపోతే ప్రమాదం జరిగిన రోజున ఆ పాలసీ కాగితం ఎందుకూ పనికిరాకపోవచ్చు. మేము పూణెలో అలాంటి వారి దగ్గర 2023లో పని మొదలుపెట్టించాం. కాలం ఎక్కువ పట్టింది, డబ్బూ ఎక్కువే అయింది. నా ప్రావిడెంటు ఫండు సగం, మా అబ్బాయి సాయం సగం.

లోపలి పని

రేకు బండి ఎండలో పెనంలా కాలుతుంది. మందు సంచులు ఎండవేడిలో ఉండకూడదు. అందుకని గోడలకు, కప్పుకు నైట్రైల్ ఫోము షీటు అతికించి, పైన ప్లైవుడ్డు, దాని మీద సన్‌మైకా వేయించాం. ఎక్కడా గుడ్డ, రెక్సిను కుట్టించలేదు. తడిగుడ్డతో తుడిస్తే దుమ్ము పోవాలి, అంతే. తలుపు సందులకు రబ్బరు బిగించాం. చేతులు కడుక్కునే బేసినుకు కాలితో తొక్కే పంపు పెట్టించాను. కడిగిన చేతితో మళ్లీ కుళాయి ముట్టుకునే పని లేదు.

తర్వాత బరువు. ఇది చాలామంది మరిచిపోతారు. లీటరు నీళ్లు కిలో. మా నీళ్ల ట్యాంకు 60 లీటర్లు, అంటే 60 కిలోలు. మందు రోజుకు ఎనిమిది కిలోలు. అయిదు రోజుల ప్రయాణానికి పది రోజుల సంచులు తీసుకుపోవాలని మేము నియమం పెట్టుకున్నాం, అది 80 కిలోలు. సామానంతా ఎక్కించి వేబ్రిడ్జి మీదికి తీసుకుపోయాం. మొత్తం బరువు పరిమితిలోనే ఉంది గాని, వెనక ఎడమ చక్రం మీద భారం కనపడేంత ఎక్కువగా ఉంది. నీళ్లు, బ్యాటరీ, మందు పెట్టెలు మూడూ ఒకే వైపు పెట్టించిన ఘనత నాదే. ట్యాంకు కుడివైపు, వెనక ఇరుసుకు కాస్త ముందుకు మార్పించాం. మీరు బండి చేయించుకుంటే ఖాళీగా ఒకసారి, నింపి ఒకసారి తూయించండి.

ఇక కరెంటు. దీనికి పెద్ద చదువు అక్కరలేదు, కూడికలు వస్తే చాలు. చిన్న ఫ్రిజ్ 45 వాట్లు, రోజులో మొత్తం ఎనిమిది గంటలు నడిస్తే 360. మందు సంచిని ఒంటి వేడికి తెచ్చే హీటింగు బ్యాగు 60 వాట్లు, నాలుగుసార్లు, గంట చొప్పున 240. ఫ్యాను 24 వాట్లు, ఎనిమిది గంటలకు సుమారు 190. దీపాలు, ఫోన్లు 80. మొత్తం 870 వాట్-అవర్లు. 12.8 వోల్టుల 100 ఆంపియర్-అవర్ లిథియం బ్యాటరీలో 1280 ఉంటాయి. ఒక రోజు గడిచి కాస్త మిగులుతుంది. కప్పు మీద 200 వాట్ల సోలారు పలక కొంత నింపుతుంది, బండి నడిచేటప్పుడు ఇంజను మిగతాది నింపుతుంది. ఏ.సి. మాత్రం ఈ బ్యాటరీ మీద ఆశించకండి. ఎవరింటి ముందైనా ఆగి ప్లగ్గు పెట్టుకున్నప్పుడే అది.

ఒక హెచ్చరిక. 12 వోల్టుల మీద 120 వాట్లు లాగితే 10 ఆంపియర్లు పోతాయి. ఇంట్లో బల్బుకు వేసే సన్నని తీగ వేస్తే అది వేడెక్కుతుంది, చివర వోల్టేజీ పడిపోతుంది. లావు తీగ వేయండి. ఫ్యూజు బ్యాటరీని ఆనుకునే ఉండాలి.

గ్యాసు బరువైనది, కారితే నేలకు దిగి నిలుస్తుంది. అందుకని చిన్న సిలిండరును లోపలికి సందు లేకుండా, బయటికి మాత్రమే తెరుచుకునే పెట్టెలో, అడుగున రంధ్రంతో పెట్టించాం. వంట వెనక తలుపు తీసి బయటే. లోపల పొయ్యి వెలిగించి గాని, ఇంజను నడుపుతూ గాని ఎప్పుడూ పడుకోకూడదు. విషవాయువుకు వాసన ఉండదు. బండి కదిలేటప్పుడు అందరూ బెల్టు పెట్టుకుని సీట్లలోనే. మంచం ఆగినప్పుడే.

మరుగుదొడ్డి పెట్టె 20 లీటర్లది. బయటికి వచ్చే ద్రవమే రోజుకు ఎనిమిది లీటర్లకు పైగా. రెండు రోజుల్లో నిండిపోతుంది. దానికి విడిగా 40 లీటర్ల ట్యాంకు పెట్టించి, అనుమతి అడిగి మరుగుదొడ్లలోనే ఖాళీ చేస్తాం. రోడ్డు పక్కన వదలము.

మూడు రాత్రులు మా వాకిట్లో

బండి రాగానే ఊరేగలేదు. మూడు రాత్రులు మా వాకిట్లోనే నిలిపి, ఇంట్లోకి అడుగు పెట్టకుండా అందులోనే ఉన్నాం. ఇరుగుపొరుగు నవ్వారు. ఆ మూడు రాత్రులే మమ్మల్ని కాపాడాయి. మొదటి రాత్రి హీటింగు బ్యాగు సరిగా వేడెక్కలేదు. చూస్తే నేను స్వయంగా కలిపిన తీగ సన్నది! రెండో రాత్రి ద్రవం నెమ్మదిగా దిగుతోంది. కొక్కెం ఒక జానెడు ఎత్తు పెంచాం. మూడో రాత్రి ఏ లోటూ లేకుండా గడిచింది. అప్పుడు డాక్టరుగారి దగ్గరికి వెళ్లి, జాగ చూపించే ఫోటోలు ఇచ్చి, అనుమతి చీటీ రాయించుకున్నాం.

2024 అక్టోబరు 8. ఉదయం ఆరింటికి ఇంట్లో సంచి మార్చుకుని ఏడింటికి బయలుదేరాం. 65వ నెంబరు జాతీయ రహదారి మీద నల్‌దుర్గ్, ఉమర్గా దాటి హుమ్నాబాద్ దగ్గర ఆగాం. ఒక చెట్టు కింద బండి నిలిపి తలుపులు మూశాం. బయట లారీలు పోతున్నాయి, లోపల మా ఆవిడ మాస్కు కట్టుకుని, మా ఇంటి గదిలో కూర్చున్నట్టే కూర్చుంది. అరగంటకు "అయిపాయె, పాండ్రి" అంది. ఆ మాటతో నా గుండె కుదుటపడింది. జహీరాబాద్ మీదుగా సంగారెడ్డి, అక్కడి నుంచి మెదక్. సాయంత్రం మెదక్‌లో మూడోసారి. రాత్రి తొమ్మిదింటికి సిరిసిల్ల.

మా అత్తగారు వాకిట్లో కుర్చీ వేయించుకుని కూర్చుని ఉన్నారు. కూతురు చేయి పట్టుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. పదింటికి మా ఆవిడ మళ్లీ బండెక్కి తలుపు వేసుకుంది. "వచ్చీ రాంగనే మళ్ల బండెక్కినదేంది బిడ్డ? నేనేమన్న అన్ననా?" అని ఆమె కంగారుపడ్డారు. విషయం చెప్పాను. మర్నాటి నుంచి ప్రతిసారీ ఆమె కుర్చీ బండి కిటికీ పక్కన వేయించుకుని, అద్దంలోంచి కూతుర్ని చూస్తూ ఆ అరగంటా కూర్చునేవారు. సద్దుల బతుకమ్మ నాడు మా ఆవిడ సాయంత్రం సంచి కాస్త ముందే మార్చుకుని, తంగేడు, గునుగు పేర్చిన బతుకమ్మను తల్లి కుర్చీ ముందు పెట్టి, వదినెలతో కలిసి నాలుగు చుట్లు తిరిగింది. నీరసం వచ్చి కూర్చుంది. చాలు, నాలుగు చుట్లే చాలు.

ఇదంతా చదివి బండి కొనడానికి పరిగెత్తకండి. ఏడాదికి ఒకసారి విహారానికైతే అద్దెకు తీసుకోవడమే లాభం. కేరళ ప్రభుత్వం 2021లో కారవాన్ టూరిజం విధానం తెచ్చింది. ముందు అద్దె బండిలో రెండు రాత్రులు ఉండి చూడండి, మీకు ఏది కావాలో, ఏది అక్కరలేదో తేలిపోతుంది. మా ఇంటిలాంటి అవసరం ఉన్నవారు మాత్రం మొదట మీ డాక్టరుగారిని అడగండి, తర్వాత ఇంట్లో ఆ మనిషిని అడగండి. బొమ్మ ఆ తర్వాత గీయండి.

బయలుదేరేటప్పుడు మా అత్తగారు బండి చుట్టూ కర్ర పట్టుకుని ఒక చుట్టు తిరిగి, చక్రానికి పసుపు, కుంకుమ పెట్టారు. "మా మామ కాలంల ఎడ్లబండి పోయిందంటే మళ్ల యాడాదికి గాని వచ్చేది కాదు. ఇది సంక్రాంతికి రావాలె" అన్నారు.

వచ్చాం.