ఒకే పంపు – పలు పనులు

అశోక్‌నగర్ ప్రక్కగా పారు హుస్సేన్‌సాగర్ మిగులునీటి నాలాలో పూడిక తీయు యంత్రమును చిక్కడపల్లి, నారాయణగూడ విద్యార్థులు చూచియుండవచ్చును. బకెట్టు నెత్తుట, మన్ను త్రవ్వుట, చక్రములను మలుపుట – ఇట్టి యంత్రములు కొన్నిటిలో ఈ పనులన్నిటికి నూనె నందించునది ఇంజనుతో తిరుగు ఒకే పంపు.

పంపు నూనెను త్రోయును. ఆ నూనెకు అడ్డు తగిలినప్పుడే పీడన మేర్పడును. రెండు దారులు తెరచియున్నచో నూనె అడ్డు తక్కువైన వైపే పోవును. చక్రములు బురదలో నుండగా స్టీరింగును, ఖాళీ బకెట్టును ఒకేసారి కదల్పబోయిన, బకెట్టు లేచును; చక్రములు మలగవు. జనసమ్మర్దముగల వీధిలో ఇది ప్రాణాపాయము.

అందుచేత పంపు ప్రక్కన ప్రాధాన్య కవాటము నమర్తురు. అది స్టీరింగునకు కావలసిన నూనెను ముందుగా నిచ్చి, మిగిలినదానినే తక్కిన పనులకు విడుచును. పీడనము మితిమీరినచో వేరొక కవాటము తెరచుకొని నూనెను తొట్టికి మరలించును.

పంపు శక్తికిని హద్దు కలదు. 150 బార్ల పీడనముతో సెకనుకు 1 లీటరు నూనె పారిన, అందు సామర్థ్యము 15 కిలోవాట్లు మాత్రమే. పనులు పెరిగినకొలది ఒక్కొక్క దాని వంతు తగ్గును.

తరగతిలో దీనిని చూపుట సులభము. సూదులు లేని మూడు సిరంజిలను నీటితో నింపి, మూడు కొనల గొట్టముతో కలుపుడు. రెండింటిని నిలిపి, ఒకదానిపై మాత్రము బరువుంచి మూడవదానిని నొక్కుడు. బరువు లేనిదే మొదట లేచును. దాని గొట్టమును వ్రేళ్లతో బిగింపుడు, బరువున్నది లేచును. ఆ వ్రేళ్లు చేసిన పనియే ప్రాధాన్య కవాటము చేయునది.