కొండ దిగివచ్చిన యెలుగుబంటి

కల్యాణదుర్గము బాటలో నొక వేసవి వేకువజామున మా కారు నిలిచిపోయెను. దీపముల వెలుతురున నొక యెలుగుబంటి, వీపుపై రెండు పిల్లలతో, తొందర యేమాత్రమును లేక బాట దాటుచుండెను. ప్రక్కనే మందతో నిలిచియుండిన గొఱ్ఱెలకాపరి "నీళ్లకు పోతాంది సామీ, గుట్టమీద దొన ఎండిపాయ" అనెను. ఆ మాటలో భయము లేదు, కోపమును లేదు. తన గొఱ్ఱెలను గూర్చి చెప్పినట్లే చెప్పెను. ఈ విషయమున నాతనికి గల తెలివి పట్టణవాసులమగు మాకు లేదని యొప్పుకొనక తప్పదు.

అనంతపురసీమలో సాలుకు గురియు వాన 550 మిల్లీమీటర్ల ప్రాంతము. పడమటి కనుమల చాటున నుండుటచే నైరృతి ఋతుపవనము వట్టిచేతులతో వచ్చును; తీరమునకు దూరమగుటచే ఈశాన్యపుగాలి నిండుగ నందదు. ఈ కఱవు మనుష్యులకే వచ్చినట్లు మనము లెక్కలు వ్రాసికొనుచున్నాము. కొండమీది ప్రాణికిని నదే కఱవు. దొనలెండినవి, పొదలు కట్టెలై పోయినవి, కొన్ని గుట్టలు రాతిగనులై పగులుచున్నవి. క్రింద చూచినచో చెనక్కాయ చేలు, బోరుబావుల తడి, గుడిలోని కొబ్బరిచిప్పలు, దీపపు ప్రమిదెలలో నూనె. దిగిరాక యేమిచేయును?

ఎలుగు మాంసమునకై మనుష్యుని వేటాడు మృగము గాదు. చెదలు, చీమలు, తేనె, ఈతపండ్లు, రేగుపండ్లు, సీతాఫలములు దాని యాహారము. పైదవడ ముందరి నడిమిపండ్లు రెండును లేకుండుటచే నా సందున చెదలను బుఱ్ఱున పీల్చును. ఆ చప్పుడులో మన యడుగు దానికి వినబడదు. చూపును మందమే; ముక్కే దానికి కన్నును చెవియును. గాలి దానివైపునుండి మనవైపునకు వీచునపుడు మనము దగ్గఱకు వచ్చువఱకు నెఱుగదు. ఎఱిగినంతనే బెదరి మీదబడును. ఆ గోళ్లు పుట్టలు త్రవ్వుటకు బుట్టినవి. అవి మొగమునకు దగిలినవాడు బ్రతికినను బ్రదుకు పాడగును. ఇట్లు గాయపడువారెవరు? తెల్లవాఱకముందే చేనికి బోవు కూలీలు, కట్టెలకు బోవు స్త్రీలు, మందల వెంట దిరుగు కురుబలు. పత్రికలు చదువు మీరును వ్రాయు మేమును గాము.

ఊరిలో చిరుతయో ఎలుగో కనబడినదన్నచో నిపుడు గుంపుగూడి కేకలువేయుచు, చేతిఫోనులెత్తి బొమ్మలు దీయుచు దరుముట యొక వేడుకయైనది. పాఱుటకు దారిలేని మృగము తిరుగబడిన పిమ్మట దానిని క్రూరమృగమందుము.

ఆంగ్లప్రభుత్వమువారు క్రూరమృగములను జంపినవారికి బహుమానము లిచ్చిరి. ఆ ప్రభుత్వమే 1878 నాటి ఆయుధచట్టముచే రైతు తుపాకికి లైసెన్సు గావలెననెను. దొరలకు వేట వినోదమయ్యెను, మనవారికి చేనికాపుదలయే చిక్కయ్యెను. స్వతంత్రభారతము 1972లో వన్యప్రాణి సంరక్షణచట్టము చేసినది. దాని క్రింద నేడు ఎలుగు, చిరుత, కృష్ణజింక మూడును మొదటి పట్టికలో నున్నవి. ఈ చట్టమును మేము మనఃపూర్వకముగ మెచ్చుకొందుము. కాని దాని వెల నెవరు చెల్లించుచున్నారు? జింకలమంద యొక్కరాత్రి మేసిపోయిన మొలకలచేనికి మరల విత్తనము కొనవలసినవాడు రెండెకరముల రైతు. మంచెపై నిద్రగాచువాడును వాడే. దేశమంతయు గర్వించు ప్రాణిని వాడొక్కడు పోషించుట న్యాయమా? పరిహారము గలదందురు. గాయము మానకముందు, తరువాతి విత్తు దాటకముందు చేతికందిననే యది పరిహారము.

పెద్ద భూస్వాములకు నొక మాట చెప్పవలసియున్నది. కటువుగ నుండిన మన్నింతురు గాక. పందులకని చేనిచుట్టు విద్యుత్తీగ పాఱించువారు మనలో గలరు. ఆ తీగ పందిని, ఎలుగును, రాత్రి నీళ్లు కట్టబోవు పాలేరును వేఱుగ నెఱుగదు. అది నేరమని వారికి దెలియును. అట్లే నీరెండిన పాడుబావులను గట్టులేక వదలుచున్నారు. అందు పడిన ప్రాణిని దీయుటకు ఊరంతయు గూడవలసివచ్చుచున్నది.

1882లో బళ్లారినుండి విడదీయబడిన మండలము మనది. ఆ బళ్లారివైపున, హంపికి చేరువనున్న దరోజిలో 1994లో ఎలుగుబంట్లకై ప్రత్యేక సంరక్షణాలయ మేర్పడినది. ఱాయి యదే, పొద యదే, మృగమును నదే. కల్యాణదుర్గము, రాయదుర్గము కొండలలో నొకదాని కట్టి యేర్పాటు గోరుట యత్యాశ కానేరదు. అందాక వేసవి నాలుగునెలలు దొనలను నింపుట, సీతాఫలపు పొదలను నఱకనీయకుండుట చాలవఱకు పనిచేయును.

ఆ కాపరి చెప్పిన దొనకు రెండు ట్యాంకరుల నీరు పట్టునట. గుట్ట మొదటివఱకు బండిత్రోవయు గలదు.