రాష్ట్రపతి సంతకం

"రాష్ట్రపతి అంటే మన రాష్ట్రానికి పెద్ద గదా?"

ఈ మాట చాలామంది అడుగుతారు. అలా అనుకోవడంలో వింత లేదు. మనం రాష్ట్రం అంటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక లాంటివి అనుకుంటాం. కాని రాష్ట్రపతి అనే మాటలో రాష్ట్రం అంటే దేశం. హిందీలో ఆ మాటకు అదే అర్థం. కాబట్టి రాష్ట్రపతి అంటే మొత్తం భారతదేశానికి పెద్ద. రాష్ట్రానికి పెద్ద గవర్నరు. ఆ గవర్నరును నియమించేది కూడా రాష్ట్రపతే.

"పతి" అన్నారు కాబట్టి మగవారే ఉండాలా? అదేం లేదు. ఆడవారైనా, మగవారైనా రాష్ట్రపతి అనే అంటారు. 2007లో ప్రతిభా పాటిల్ మొదటి మహిళా రాష్ట్రపతి అయ్యారు. 2022లో ద్రౌపది ముర్ము రాష్ట్రపతి అయ్యారు. ఆమె ఒడిశాలో ఒక పల్లెలో పుట్టారు. సంతాల్ గిరిజన కుటుంబం వారిది. కొంతకాలం బడిలో పిల్లలకు పాఠాలు చెప్పారు.

పేరు ఒకరిది, పని ఒకరిది

ఇంట్లో పెళ్ళి జరుగుతుంది. శుభలేఖ తాతగారి పేరు మీద వేస్తారు. "మా మనుమరాలి పెళ్ళికి రండి" అని తాతగారే పిలిచినట్టు ఉంటుంది. కాని సంబంధం చూసింది కొడుకులు. అప్పు తెచ్చింది కొడుకులు. పందిరి వేయించేది, వంటవాళ్ళను మాట్లాడేది వాళ్ళే. తాతగారిని అడగకుండా ఏదీ చేయరు. తాతగారు కూడా తన ఇష్టం వచ్చినట్టు ఏదీ చేయరు.

దేశంలో రాష్ట్రపతి పని కొంత ఇలాంటిదే. కేంద్ర ప్రభుత్వం చేసే పనులన్నీ రాష్ట్రపతి పేరు మీద జరుగుతాయి. ప్రధానిని, మంత్రులను, సుప్రీంకోర్టు జడ్జీలను నియమించేది రాష్ట్రపతి. పార్లమెంటును సమావేశానికి పిలిచేది రాష్ట్రపతి. సైన్యానికి కూడా రాష్ట్రపతే అధిపతి. వింటుంటే, అంత అధికారం ఒక్కరి చేతిలోనా అనిపిస్తుంది. కాని ఈ పనులన్నీ మంత్రిమండలి సలహా ప్రకారమే చేయాలి. రాజ్యాంగం అలాగే చెబుతుంది. 1976లో ఈ మాటను రాజ్యాంగంలో స్పష్టంగా చేర్చారు. 1978లో ఇంకొకటి చేర్చారు. మంత్రిమండలి ఇచ్చిన సలహా సరిగా లేదనిపిస్తే, "మరోసారి ఆలోచించండి" అని రాష్ట్రపతి ఒక్కసారి వెనక్కి పంపవచ్చు. వాళ్ళు మళ్ళీ అదే మాట చెబితే మాత్రం ఒప్పుకోవాలి.

ఎందుకలా? మంత్రులు జనం ఓట్లతో వచ్చినవాళ్ళు. తప్పు చేస్తే ఐదేళ్ళకు మన దగ్గరికి రాక తప్పదు. రాష్ట్రపతి మన ఓటుతో నేరుగా రారు. అందుకని ఆఖరి మాట మంత్రిమండలిదే అని రాజ్యాంగం రాసినవారు నిర్ణయించారు.

మన ఎమ్మెల్యే ఓటు విలువ ఎంత?

రాష్ట్రపతిని ఎన్నుకునేది ఎంపీలు, ఎమ్మెల్యేలు. జనం ఓట్లతో ఎన్నికైన ఎమ్మెల్యేలు, ఎన్నికైన ఎంపీలు మాత్రమే ఓటు వేస్తారు. ప్రభుత్వం నామినేట్ చేసిన సభ్యులకు ఈ ఓటు లేదు. పోటీ చేసేవారికి 35 ఏళ్ళు నిండాలి. పదవీకాలం ఐదేళ్ళు.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. మన ఊళ్ళో అందరి ఓటుకూ ఒకటే విలువ. ఈ ఎన్నికలో అలా కాదు. జనం ఎక్కువ ఉన్న రాష్ట్రంలో ఎమ్మెల్యే ఓటు విలువ ఎక్కువ. 2022 ఎన్నికలో ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యే ఓటు విలువ 159. తెలంగాణ ఎమ్మెల్యే ఓటు విలువ 132. ఉత్తరప్రదేశ్‌లో 208. చిన్న రాష్ట్రం సిక్కింలో 7 మాత్రమే. ఎంపీ ఓటు విలువ 700. ఈ లెక్కకు ఇప్పటి జనాభాను తీసుకోలేదు. 1971 జనాభా లెక్కలను తీసుకున్నారు. కుటుంబ నియంత్రణ పాటించిన రాష్ట్రాలు నష్టపోకూడదని అలా పెట్టారు.

కాబట్టి మనం అసెంబ్లీకి వేసే ఓటు చుట్టూ తిరిగి రాష్ట్రపతి దాకా పోతుంది.

1969లో ఇద్దరు తెలుగువారు ఈ పదవికి పోటీ పడ్డారు. ఒకరు వి.వి.గిరి. ఇంకొకరు అనంతపురం జిల్లా ఇల్లూరుకు చెందిన నీలం సంజీవరెడ్డి. ఆ ఎన్నికలో గిరి గెలిచారు. సంజీవరెడ్డి 1977లో పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. పోటీ లేకుండా ఎన్నికైన రాష్ట్రపతి ఆయనొక్కరే.

బిల్లు చట్టం కావాలంటే

పార్లమెంటు బిల్లు ఆమోదించినంత మాత్రాన అది చట్టం కాదు. రాష్ట్రపతి సంతకం పడాలి. నచ్చకపోతే ఒకసారి తిప్పి పంపవచ్చు. పార్లమెంటు మళ్ళీ ఆమోదిస్తే సంతకం పెట్టాల్సిందే. డబ్బుకు సంబంధించిన ద్రవ్య బిల్లులను మాత్రం తిప్పి పంపడానికి వీల్లేదు.

2006లో అబ్దుల్ కలాం ఇలా ఒక బిల్లు తిప్పి పంపారు. ఎంపీలు జీతభత్యాలు వచ్చే ప్రభుత్వ పదవులు పట్టుకుంటే వారి సభ్యత్వం పోతుంది. కొన్ని పదవులకు ఆ భయం లేకుండా చేసే బిల్లు అది. పార్లమెంటు మళ్ళీ దాన్నే పంపింది. కలాం సంతకం పెట్టారు. మరి లాభమేమిటి? చడీచప్పుడు లేకుండా పోవలసిన బిల్లు గురించి దేశమంతా మాట్లాడుకుంది. అది తక్కువ సంగతి కాదు.

ఇంకో కథ ఉంది. అది ఉత్తరాల కథ. 1986లో పార్లమెంటు ఒక పోస్టాఫీసు బిల్లు ఆమోదించింది. జనం రాసుకునే ఉత్తరాలను ఆపి, విప్పి చూసే అధికారాన్ని ప్రభుత్వానికి అది ఇంకా పెంచుతుంది. బిల్లు జైల్ సింగ్ దగ్గరికి వచ్చింది. ఆయన సంతకం పెట్టలేదు. తిప్పి పంపనూ లేదు. ఊరికే ఉంచేశారు. ఇన్ని రోజుల్లో సంతకం పెట్టాలని రాజ్యాంగంలో గడువు లేదు. ఆ బిల్లు చట్టం కాలేదు. 2002లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. అయితే 2023లో వచ్చిన కొత్త పోస్టాఫీసు చట్టంలో కొన్ని కారణాలపై ఉత్తరాలు ఆపి చూసే అధికారం ప్రభుత్వానికి ఉంది.

తెలంగాణ ఏర్పడడం మనకు బాగా తెలిసిన సంగతి. అందులోనూ రాష్ట్రపతి పాత్ర ఉంది. కొత్త రాష్ట్రం ఏర్పరిచే బిల్లును పార్లమెంటులో పెట్టాలంటే ముందు రాష్ట్రపతి సిఫారసు కావాలి. అంతకుముందు ఆ బిల్లును సంబంధించిన రాష్ట్ర అసెంబ్లీకి పంపి అభిప్రాయం అడగాలి. ప్రణబ్ ముఖర్జీ 2013 డిసెంబరులో బిల్లును ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీకి పంపారు. గడువు చాలదంటే ఇంకో వారం ఇచ్చారు. 2014 జనవరి 30న అసెంబ్లీ ఆ బిల్లు వద్దంది. అయినా పార్లమెంటు బిల్లు ఆమోదించింది. అసెంబ్లీ చెప్పేది అభిప్రాయం మాత్రమే. ఒప్పుకుని తీరాలని రాజ్యాంగంలో లేదు. మార్చి 1న రాష్ట్రపతి సంతకం పడింది. జూన్ 2న తెలంగాణ వచ్చింది. ఒకే సంతకం. కొందరికి పండుగ, కొందరికి బాధ.

ఒక రాత్రి పెట్టిన సంతకం

1975 జూన్ 25 రాత్రి. అప్పటి ప్రధాని ఇందిరాగాంధీ ఒక కాగితం పంపించారు. దేశంలో అత్యవసర పరిస్థితి పెట్టాలని అందులో ఉంది. రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ ఆ రాత్రే సంతకం పెట్టారు. అప్పటికి మంత్రిమండలి కూచుని మాట్లాడుకోలేదు. మంత్రులకు మరునాడు పొద్దున తెలిసింది. తెల్లారేసరికే ప్రతిపక్ష నాయకులు జైళ్ళలో ఉన్నారు. పత్రికలు ఏం రాయాలో ప్రభుత్వం చెప్పసాగింది. 1977 మార్చి దాకా, అంటే 21 నెలలు, ఇలాగే గడిచింది.

ఆ రాత్రి రాష్ట్రపతి "మంత్రిమండలి ఏమంది?" అని అడిగి ఉండవలసింది. అడగలేదు. 1978లో రాజ్యాంగం మార్చారు. ఇప్పుడు మంత్రిమండలి నిర్ణయం కాగితం మీద రాసి ఇస్తేనే రాష్ట్రపతి అత్యవసర పరిస్థితి ప్రకటించాలి. నెలలోపల పార్లమెంటు ఒప్పుకోవాలి. లేకపోతే అది రద్దవుతుంది.

"రాష్ట్రపతి పాలన" అనే మాట కూడా వింటుంటాం. అంటే రాష్ట్రపతి ఢిల్లీ నుంచి వచ్చి మన దగ్గర కూచుంటారని కాదు. రాష్ట్రంలో మంత్రివర్గం ఉండదు. కేంద్రం చెప్పినట్టు గవర్నరు పాలన చూస్తారు. మన దగ్గర 1973లో, మళ్ళీ 2014లో ఈ పాలన పెట్టారు. దీనికి రెండు నెలలలోపల పార్లమెంటు ఆమోదం కావాలి. అన్యాయంగా పెట్టారనిపిస్తే కోర్టు కూడా చూడవచ్చు. 1994లో సుప్రీంకోర్టు ఆ మాట గట్టిగా చెప్పింది. 1997లో ఉత్తరప్రదేశ్‌లో రాష్ట్రపతి పాలన పెడదామని కేంద్ర మంత్రిమండలి సలహా ఇచ్చింది. కె.ఆర్.నారాయణన్ "మళ్ళీ ఆలోచించండి" అని కాగితం తిప్పి పంపారు. మంత్రిమండలి ఆ ఆలోచన మానుకుంది.

ఎవరికీ మెజారిటీ లేకపోతే

ఎన్నికల్లో ఒక పార్టీకి సగం కన్నా ఎక్కువ సీట్లు వస్తే చిక్కు లేదు. దాని నాయకుడే ప్రధాని. ఎవరికీ అన్ని సీట్లు రాకపోతే, ఉన్న ప్రభుత్వం కూలిపోతే, ఎవరిని పిలవాలి? అప్పుడు సలహా చెప్పే మంత్రిమండలి ఉండదు. ఉన్నా దాని మాటకు బలం ఉండదు. రాష్ట్రపతి సొంత బుద్ధి వాడాల్సింది అప్పుడే.

సంజీవరెడ్డికి 1979లో ఈ చిక్కు వచ్చింది. జులైలో మొరార్జీ దేశాయ్ రాజీనామా చేశారు. సంజీవరెడ్డి చరణ్ సింగ్‌ను పిలిచారు. మద్దతు ఇస్తామన్నవాళ్ళు వెనక్కి తగ్గారు. చరణ్ సింగ్ లోక్‌సభలో బలం చూపించకుండానే ఆగస్టు 20న రాజీనామా చేశారు. లోక్‌సభ రద్దు చేసి ఎన్నికలు పెట్టమని సలహా ఇచ్చారు. జగ్జీవన్ రామ్ "నాకు అవకాశం ఇవ్వండి" అన్నారు. సంజీవరెడ్డి ఇవ్వలేదు. ఆగస్టు 22న లోక్‌సభను రద్దు చేశారు. అది సరైన పనే అన్నవారు ఉన్నారు. ఒక దళిత నాయకుడికి ప్రధాని అయ్యే అవకాశం పోయిందని బాధపడ్డవారూ ఉన్నారు. అందరూ ఒప్పుకునే జవాబు ఇప్పటికీ లేదు.

ఉరితాడు దగ్గర

కోర్టు ఉరిశిక్ష వేసింది. హైకోర్టు, సుప్రీంకోర్టు కూడా సరే అన్నాయి. ఆ తర్వాత ఖైదీకి మిగిలేది క్షమాభిక్ష విన్నపం. రాష్ట్రపతి ఉరిశిక్షను యావజ్జీవ శిక్షగా మార్చవచ్చు. శిక్ష తగ్గించవచ్చు. మొత్తంగా క్షమించనూవచ్చు. ఇందులో కూడా మంత్రిమండలి సలహా ప్రకారమే నడవాలి.

1993 మార్చిలో చిలకలూరిపేట బస్సు దహనం జరిగింది. బస్సులో దోపిడీకి దిగినవాళ్ళు పెట్రోలు పోశారు. మంటలు లేచాయి. 23 మంది కాలిపోయారు. ఇద్దరు దళిత యువకులకు ఉరిశిక్ష పడింది. సుప్రీంకోర్టు కూడా ఖాయం చేసింది. రాష్ట్రపతికి పెట్టుకున్న మొదటి విన్నపం తిరస్కరించారు. 1997లో ఉరి తీసే రోజు దగ్గరపడింది. ఆఖరి నిమిషంలో సుప్రీంకోర్టు ఆపింది. రచయితలు, హక్కుల సంఘాలవారు మళ్ళీ విన్నపాలు పెట్టారు. కె.ఆర్.నారాయణన్ రాష్ట్రపతిగా ఉండగా ఆ శిక్ష యావజ్జీవంగా మారింది.

చనిపోయిన 23 మంది ఇళ్ళలో ఈ మాట ఎలా వినిపించి ఉంటుందో ఊహించవచ్చు. వాళ్ళ దుఃఖానికి లెక్కలేదు. ఇక్కడ నేరం లేదని ఎవరూ అనలేదు. ఉరి తప్పినా దోషులకు యావజ్జీవ శిక్ష ఉంది. ప్రాణం తీయాలా వద్దా అన్నదొక్కటే ప్రశ్న. తీసిన ప్రాణం తిరిగి ఇవ్వలేం. అందుకే కోర్టుల తర్వాత కూడా ఇంకో తలుపు ఉంచారు.

ఆ తలుపు తట్టి ఏళ్ళ తరబడి జవాబు కోసం చూసినవాళ్ళు ఉన్నారు. రోజూ "రేపే ఉరి ఏమో" అనుకుంటూ బతకడమే ఒక శిక్ష. 2014 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. ముఖ్యంగా కారణం లేకుండా ఆలస్యం చేశారని 15 మంది ఉరిశిక్షలను యావజ్జీవంగా మార్చింది.

రాష్ట్రపతి రాజ్యాంగాన్ని మీరితే? పార్లమెంటు రెండు సభల్లోనూ మూడింట రెండు వంతుల మంది సభ్యులు ఒప్పుకుంటే పదవి నుంచి తీసేయవచ్చు. ఇంతవరకు ఎవరినీ అలా తీసేయలేదు.

మనం ఉత్తరం రాయవచ్చా?

రాయవచ్చు. రాష్ట్రపతి, రాష్ట్రపతి భవన్, న్యూఢిల్లీ – 110004 అని చిరునామా రాస్తే చాలు. తెలుగులో రాసినా ఫరవాలేదు. అయితే పింఛను రాలేదని, పట్టా ఇవ్వలేదని రాస్తే రాష్ట్రపతి అక్కడ కూచుని ఇప్పించలేరు. ఆ ఉత్తరం సంబంధించిన శాఖకో, రాష్ట్ర ప్రభుత్వానికో పోతుంది. అక్కడి నుంచి జిల్లాకు రావాలి. కాబట్టి మండలాఫీసులో, కలెక్టరు ఆఫీసులో అర్జీ పెట్టి, ఆ రసీదు నకలు కూడా ఉత్తరానికి జతచేయాలి. పేరు, ఊరు, మండలం, జిల్లా, తేదీ స్పష్టంగా రాయాలి. కింద సంతకం పెట్టాలి. సంతకం రాకపోతే వేలిముద్ర వేయవచ్చు.