డీసీ ఆఫ్‌సెట్: సిమ్యులేటర్ దాచే లోపం

యాంప్లిఫయర్‌కు సంగీతం అందనప్పుడు దాని అవుట్‌పుట్ వోల్టేజి సున్నాగా ఉండాలి. అలా కాక స్థిరమైన వోల్టేజి ఎంతో కొంత మిగిలిపోతే దానిని డీసీ ఆఫ్‌సెట్ అంటారు. ఇది 50 మిల్లీవోల్టులలోపు ఉంటే సాధారణంగా ప్రమాదం లేదు. కాని 8 ఓముల స్పీకర్ కాయిల్ డీసీకి చూపే నిరోధం సుమారు 6 ఓములే కనుక, ఏదైనా భాగం చెడి 35 వోల్టుల సరఫరా నేరుగా స్పీకర్‌కు చేరితే, 200 వాట్లకు పైగా శక్తి ధ్వనిగా కాక వేడిగా మారి కాయిల్‌ను కాల్చివేస్తుంది.

ఆఫ్‌సెట్ ఎక్కువగా పుట్టేది యాంప్లిఫయర్ ముఖద్వారం వద్ద జంటగా పనిచేసే రెండు ట్రాన్సిస్టర్లలో. ఒకే రకానికి చెందినవైనా అవి అచ్చంగా ఒకేలా ఉండవు. వాటి సంతృప్త విద్యుత్ప్రవాహాల మధ్య 10 శాతం తేడా ఉంటే చాలు, గది ఉష్ణోగ్రత వద్ద బేస్, ఎమిటర్ మధ్య వోల్టేజిలో సుమారు 2.5 మిల్లీవోల్టుల వ్యత్యాసం ఏర్పడి, 20 రెట్ల వర్ధనం గల యాంప్లిఫయర్‌లో అది 50 మిల్లీవోల్టులై బయటపడుతుంది. ఫీడ్‌బ్యాక్ మార్గంలో కెపాసిటర్ చేర్చి డీసీకి వర్ధనాన్ని ఒకటికి తగ్గించడం పాత పద్ధతి. డీసీ సర్వో అనే మరో పద్ధతిలో, ఇంటిగ్రేటర్‌గా, అంటే అవుట్‌పుట్ వోల్టేజిని కాలక్రమేణా కూడుతూ పోయే విధంగా అమర్చిన ఒక ఆప్-యాంప్, ఆ కూడికకు తగిన వ్యతిరేక వోల్టేజిని వెనుకకు పంపి ఆఫ్‌సెట్‌ను అణచివేస్తుంది.

ఇటువంటి సర్క్యూట్‌ను తయారుచేయకముందే కంప్యూటర్‌పై పరీక్షించడానికి 1970ల ఆరంభంలో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో రూపొందిన స్పైస్, దాని వారసులైన ఎల్‌టీస్పైస్ వంటి ప్రోగ్రాములు తోడ్పడతాయి. అయితే వాటిలో ఒకే పేరుతో ఉంచిన రెండు ట్రాన్సిస్టర్లు గణితపరంగా కవలలు కావడంతో, వాటి మధ్య తేడా వల్ల పుట్టవలసిన ఆఫ్‌సెట్ అసలు కనిపించదు. ఆ శుభ్రమైన ఫలితాన్ని చూసి సంతృప్తి పడడం కంటే పెద్ద పొరపాటు లేదు. ఒక ట్రాన్సిస్టర్ మోడల్‌ను వేరే పేరుతో నకలు చేసి, దాని సంతృప్త ప్రవాహాన్ని, ప్రవాహ వర్ధనాన్ని బుద్ధిపూర్వకంగా మార్చినప్పుడే అసలైన పరీక్ష మొదలవుతుంది.

రెండో చిక్కు కాలానికి సంబంధించినది. సిమ్యులేటర్ కాలానుగత విశ్లేషణకు ముందే సర్క్యూట్ స్థిరపడిన స్థితిని లెక్కిస్తుంది కనుక, సర్వో తన పని ముగించిన తరువాతి దృశ్యమే తెరపై కనిపిస్తుంది. అది ఎంత సేపటిలో కుదుటపడుతుందో తెలియాలంటే ఆ తొలి లెక్కను దాటవేయమని ఆదేశించాలి. 1 మెగాఓము నిరోధం, 1 మైక్రోఫారడ్ కెపాసిటర్ గల ఇంటిగ్రేటర్ కాలస్థిరాంకం 1 సెకను; దిద్దుబాటు వోల్టేజి అవుట్‌పుట్‌కు ఒకటి వర్ధనంతోనే చేరే అమరికలో, 5 సెకన్లకు తొలి ఆఫ్‌సెట్‌లో 1 శాతం కంటే తక్కువే మిగులుతుంది. సర్వో ప్రభావం 0.16 హెర్ట్జ్ దిగువకే పరిమితం కావడంతో 20 హెర్ట్జ్ వద్ద సంగీతానికి లోటు రాదు.

ఆప్-యాంప్ ఎంపికలోనూ సిమ్యులేషన్ ఎంతో మేలు చేస్తుంది. ధ్వని నాణ్యతకు పేరొందిన ఎన్‌ఈ5532 ఇన్‌పుట్ ప్రవాహం సుమారు 200 నానోఆంపియర్లు. అది 1 మెగాఓము గుండా పారితే 200 మిల్లీవోల్టుల కొత్త దోషం పుడుతుంది. జెఫెట్ ఇన్‌పుట్ గల టీఎల్‌072లో ఆ ప్రవాహం పదుల పికోఆంపియర్లే కనుక అక్కడ మిగిలేది ప్రధానంగా దాని సొంత ఆఫ్‌సెట్, అంటే కొద్ది మిల్లీవోల్టులు మాత్రమే.

చివరిగా, ఒక అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ షార్ట్ అయినట్లు సర్క్యూట్‌ను మార్చి నడిపి చూడడం తప్పనిసరి. సర్వో తన గరిష్ఠ వోల్టేజికి చేరి అక్కడే నిలిచిపోగా అవుట్‌పుట్ సరఫరా వోల్టేజి వద్దనే ఉండిపోతుంది. కనుక స్పీకర్‌ను విడదీసే రక్షణ రిలే పనిని సర్వోకు అప్పగించకూడదు.